5000 ఎంఏహెచ్ అని రాసిన లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్‌లో 4100 మాత్రమే వస్తోంది

నా 1/10 స్కేల్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) కారుకి కొన్న కొత్త 2ఎస్ (రెండు సెల్స్ వరుసగా కలిపిన) లైపో మీద కెపాసిటీ 5000 ఎంఏహెచ్ అని, సీ రేటింగ్ 50సీ (అంటే కెపాసిటీ అంకెకి 50 రెట్ల కరెంట్ ఇవ్వగలదు) అని ఉంది. 8.4 ఓల్టుల దాకా బ్యాలెన్స్ ఛార్జ్ (సెల్స్ రెండూ సమానంగా నిండేలా) చేసి, ఛార్జర్‌లోనే 1 ఆంపియర్‌తో సెల్‌కి 3.2 ఓల్టుల వరకు డిశ్చార్జ్ చేస్తే 4100 దాటట్లేదు. ఇంకో ఛార్జర్‌తో చూసినా అదే అంకె. గది 30 డిగ్రీలుంది, కాబట్టి చలి కారణం కాదు.

ఇంటర్నల్ రెసిస్టెన్స్ సెల్‌కి 9 మిల్లీఓమ్‌లు. 50సీ అంటే 250 ఆంపియర్లు. అంత లాగితే ఒక్కో సెల్‌లో 2.25 ఓల్టులు పడిపోతాయి, కారు నడవదు. సీ రేటింగ్ పెంచి రాస్తారని తెలుసు, దాన్ని వదిలేశాను. కెపాసిటీ కూడా ఇంత తక్కువా అనేదే నా బాధ. వాపు లేదు, సెల్స్ రెండూ సమానంగానే ఉన్నాయి.

ఇలాగే నెమ్మదిగా డిశ్చార్జ్ చేసి కొలిచినవాళ్లు చెప్పండి: మీ కొత్త 5000 ప్యాక్‌లో నిజంగా ఎంత వచ్చింది?