అప్‌డేట్: బెండ, కాకర బాకీ – పాకా నోటీసు పంపిన తర్వాత

ఫ్లోరిడాలో మేము పండించిన బెండకాయలు, కాకరకాయలు తీసుకున్న జార్జియా టోకు వ్యాపారి ఒకరు డబ్బు ఇవ్వడం లేదని, దీనికి చట్టంలో దారి ఉందా అని లోగడ అడిగాను. 1930 నాటి పాకా చట్టాన్ని (PACA – తాజా పండ్లు, కూరగాయల వ్యాపారంపై అమెరికా చట్టం) చూడమన్న వారికి కృతజ్ఞతలు. బాకీలో ఎక్కువ భాగం చేతికి వచ్చింది.

ముందుగా వేరే గడువు రాసుకోకపోతే సరుకు అంగీకరించిన 10 రోజుల్లో చెల్లించాలి. 1984 సవరణ ప్రకారం ఆ సరుకు, దానిపై వచ్చిన, రావలసిన సొమ్ము మన బాకీ తీరేదాకా ట్రస్టుగా (అంటే కొన్నవారు మన కోసం అట్టిపెట్టవలసిన ఆస్తిగా) ఉంటాయి కనుక, కొన్నవారు దివాలా తీసినా బ్యాంకు కంటే మనదే ముందు వరుస. అయితే ఈ హక్కును మనమే నిలుపుకోవాలి. పాకా లైసెన్సు ఉన్న అమ్మకందారులకు బిల్లుపై నిర్ణీత వాక్యం అచ్చువేస్తే సరిపోతుంది. సొంత పంటే అమ్ముకునే మాకు లైసెన్సు అక్కరలేదు, ఆ సౌకర్యమూ లేదు (ఈ మెలిక చాలామందికి తెలియదు). అందుకని తేదీ, సరుకు, ధర, చెల్లింపు షరతులు, బాకీ మొత్తం రాసి, ట్రస్టు హక్కు నిలుపుకుంటున్నామని స్పష్టంగా చెబుతూ, గడువు దాటిన 30 రోజుల్లోగా వ్యాపారికి నోటీసు పంపాము.

ఆపై 100 డాలర్ల రుసుముతో అమెరికా వ్యవసాయ శాఖకు ఫిర్యాదు చేశాక చెక్కు వచ్చింది. కాకరకాయలు పండిపోయాయంటూ బిల్లులో తగ్గించుకున్న మొత్తానికి వారు తనిఖీ పత్రమేదీ చూపలేదు కనుక, దానిపై ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.