కొండవాలు మడిలో మట్టి నిలవడం లేదు, దారి చెప్పగలరా?

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు, వెలికొండల కింద చిన్న యానాది కాలనీ. వాలులో అరెకరం ఎర్ర గరుసు నేల ఉంది. రసాయనాలు వాడకుండా వంగ, బెండ, గోరుచిక్కుడు వేస్తున్నాం. 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, ఆవు పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టుమన్ను కలిపి జీవామృతం పోస్తున్నాం. మొక్కలు బాగానే లేస్తాయి.

చిక్కంతా వానతోనే. మాకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలకే పడతాయి. నిరుడు ఒక్క రాత్రి కురిసిన వానకు వంగమొక్కల వేళ్లు బయటపడి వేలాడాయి, పైమట్టి వాగులో చేరింది. ఫిబ్రవరికల్లా మళ్లీ బిందెలతో నీళ్లు మోయడమే.

వాలుకు అడ్డంగా రాతి కట్టలు వేద్దామనుకుంటున్నాం. రాళ్లకు కొదవ లేదు, మాకున్న ఆస్తి అదే! కట్టకూ కట్టకూ ఎంత దూరం ఉండాలి? కర్రలతో ‘ఏ’ అక్షరంలా చట్రం కట్టి, దారానికి రాయి వేలాడదీసి సమమట్టం చూడవచ్చని ఒకరు చెప్పారు. స్వయంగా చేసినవారున్నారా? కట్టల మీద వట్టివేరు నాటాలా, కంది చాలా? కంది అయితే కూటికీ వస్తుందని నా మనసు అటే లాగుతోంది. అడవిపందుల గొడవ ఇంకోసారి అడుగుతాను.