పరహస్తం గతం గతం: రెండో ‘గతం’ ఎందుకు?

పెద్దలకు చిన్న సందేహం. ఈమధ్య చేతులు మారిన చారిత్రక నవల ఒకటి చదివాను. (‘సెకండ్ హ్యాండ్’ అని రాయబోయి ఆగాను. ‘పాత పుస్తకం’ అంటే అదే అర్థం రాదు. మన అలమరలోనే ముప్పై ఏళ్లు కదలకుండా ఉన్నదీ పాతదే కదా.) లోపలి పేజీలో ‘చారిత్రాత్మక నవల’ అని అచ్చయి ఉంది. నాకంటే ముందు చదివినవారెవరో మధ్యలోని ‘ఆత్మ’ను పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన ‘ఆత్మ తీసేశాను, ఇప్పుడు బతికింది’ అని రాశారు. నిజమే, తీసేస్తే మిగిలేది ‘చారిత్రక’. పుస్తకం పొడుగునా ఆ పెన్సిల్ గీతలే. కథ ఒక కన్నుతో, ఆ గీతలు ఇంకో కన్నుతో చదివాను.

ఇప్పుడు నేనూ దాన్ని వదిలేద్దామనుకుంటున్నాను. తెలిసినవాళ్లకు ఇవ్వడం కాదు, ఏ రైలు సీటు మీదో పెట్టి దిగిపోవడం. అట్ట లోపల ఒక మాట రాద్దామనుకుంటే వెంటనే నోటికి వచ్చింది ఇది:

పుస్తకం వనితా విత్తం
పరహస్తం గతం గతం
అథవా పునరాయాతి
జీర్ణం భ్రష్టా చ ఖండశః

పుస్తకం, ఆడమనిషి, డబ్బు పరాయి చేతికి వెళ్తే తిరిగిరావు, ఒకవేళ వచ్చినా పుస్తకం చివికి, ఆడమనిషి చెడి, డబ్బు ముక్కలుగా వస్తాయని భావం. ఇందులో ‘గతం’ రెండుసార్లు ఎందుకు వచ్చింది? నొక్కి చెప్పడానికా? మనం అనే ‘గతం గతః’ లాంటిదా?

జవాబు:
నొక్కి చెప్పడం కాదండీ, రెండు గతాలకూ వేరువేరు పనులున్నాయి. మొదటిది ‘ఇంకొకరి చేతికి వెళ్లినది’. రెండోది ‘పోయినట్టే’. ‘పరహస్తగతం గతం’ అనే పాఠం కూడా ఉంది, అందులో ఈ తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. తెలుగులో ‘ఇచ్చింది పోయిందే’ అంటాం చూడండి, ఆ వరస.

‘గతం గతః’ మాత్రం సంస్కృతంలో నిలవదు. ఒకటి నపుంసకం, ఇంకొకటి పుంలింగం, పొంతన కుదరదు. తెలుగువాళ్ల నోట అలా పాతుకుపోయింది, అంతే. ఇక మూడు వస్తువులకు కలిపి ఒక్క ‘గతం’ ఎలా చెల్లిందని ఎవరైనా అడిగేలోపే చెప్పేస్తాను. వేరే లింగాలతో కలిసినప్పుడు నపుంసకమే నిలుస్తుంది, ఏకవచనం కూడా కావచ్చు. పాణిని సూత్రమే ఉంది దానికి.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. కానీ నా చెవికి ముందు తెలుగే వినిపించింది. గడిచిన కాలం గురించిన నవల, పరాయి చేతికి వెళ్తోంది. ‘పరహస్తం, గతం.’ వ్యాకరణం ఒప్పుకోదని మీరు చెప్పాక కూడా ఆ అర్థాన్ని వదలబుద్ధి కావట్లేదు.

జవాబు:
వ్యాకరణం సంగతి సరే గానీ, ఆ శ్లోకం మాత్రం రాయకండి. పుస్తకాన్నీ డబ్బునీ ఆడమనిషినీ ఒకే గాటన కట్టేశాడు ఆ కవి. రేపు ఆ అట్ట తెరిచేది ఒక అమ్మాయే అయితే, ముందు కంటపడేది ఇదా? క్రమాలంకారానికి (ముందు చెప్పినవాటికి అదే వరసలో తర్వాతి మాటలు అన్వయించడం) ఉదాహరణగా ఇది విన్నప్పుడు చుట్టూ అందరూ నవ్వారు. నాకు రాలేదు.

జవాబు:
ఒప్పుకుంటాను. అయితే ఆ క్రమం వల్లే ఒక వెసులుబాటు ఉంది. ‘జీర్ణం’ పుస్తకానికి, ‘ఖండశః’ డబ్బుకు (వాయిదాల్లో తిరిగొస్తుందని). ‘భ్రష్టా’ ఒక్కటే స్త్రీలింగం, అది అంటుకున్నది వనితనే. ఈ రెండు మాటలూ పీకేస్తే మిగతాది చెదరదు. ‘పుస్తకం చ తథా విత్తం’ అని మొదలుపెట్టి, చివర ‘జీర్ణం చైవ చ ఖండశః’ అనండి. పాదానికి ఎనిమిది అక్షరాల అనుష్టుప్పు కుదిరింది, లెక్క చూసుకోండి.

జవాబు:
కుదిరింది, కానీ మూడు చకారాలు! ‘తు హి చ స్మ హ వై పాదపూరణే’ (ఈ మాటలు పాదం నింపడానికి) అని అమరకోశం ముందే అనుమతి ఇచ్చింది కాబట్టి వదిలేస్తున్నాం. దీనికంటే తాటాకు ప్రతుల చివర లేఖకులు రాసుకున్న శ్లోకం నయం కదా: తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకం. నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి నన్ను కాపాడు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు అని పుస్తకమే అంటుంది.

అడిగినవారు:
‘శిథిలబంధనాత్’ నా పుస్తకాన్ని చూసి రాసినట్టుంది. ఎనిమిదో ఫారం (కలిపి కుట్టిన పదహారు పేజీల మడత), అంటే 113వ పేజీ నుంచి 128 దాకా, కుట్టు తెగి మొత్తంగా చేతిలోకి వచ్చేసింది. కానీ ‘మూర్ఖహస్తే’ ఎలా రాస్తానండీ? పుస్తకం దొరికిందని సంబరపడే మనిషిని మొదటి పేజీలోనే అనుమానించినట్టు ఉంటుంది.

జవాబు:
అందరూ ‘జీర్ణం’ దగ్గర తొందరగా దాటిపోయారు. నాకు అక్కడే పట్టుకుంది. శ్లోకంలో దానికి చివికిపోయినది అని అర్థం. అదే మాట ‘వాతాపి జీర్ణం’లో? అగస్త్యుడి కడుపులో ఆ రాక్షసుడు చివికిపోలేదు, అరిగిపోయాడు. సంస్కృతంలో రెండూ ఒకే ధాతువు.

ఇప్పుడు తెలుగులోకి రండి. చెప్పు అరుగుతుంది, అన్నమూ అరుగుతుంది. ఒకే క్రియ! అరిగిన పుస్తకమంటే అట్ట నలిగిందనీ అనుకోవచ్చు, చదివినవాడికి ఒంటబట్టిందనీ అనుకోవచ్చు. అంతటితో అయిపోలేదు. పాత తెలుగులో ‘అరుగు’ అంటే వెళ్లడం. మీ నవల్లో వెతకండి, రాజుగారు ఎక్కడో ఒకచోట వేటకు ‘అరిగి’ ఉంటారు. అంటే మీరు మొదట అడిగిన ‘గతం’, ఇప్పుడు నేను చెప్తున్న ‘జీర్ణం’, రెండూ ఈ ఒక్క మాటలో ఉన్నాయి. శ్లోకం ఎందుకండీ మీకు?

జవాబు:
వీధి అరుగును మర్చిపోయారు.

జవాబు:
అది నామవాచకం. ఇంకో రోజు కూర్చుందాం దాని మీద.

అడిగినవారు:
దొరికిందండీ! 121వ పేజీలో, అదీ ఆ ఊడిన ఫారంలోనే. రాజు వేటకు ‘అరిగెను’. పాత పెన్సిల్ మనిషి దాని కింద ఒక గీత గీసి ఊరుకున్నారు, వ్యాఖ్య లేదు. నేను మొదటిసారి ఆ గీతను చూసి కూడా ఎందుకు గీశారో ఆలోచించకుండా పేజీ తిప్పేశాను.

అట్ట లోపల ఒక్క మాటే రాశాను: ‘అరిగింది’. సంతకం, తేదీ పెట్టలేదు. ఎనిమిదో ఫారాన్ని చోటులో సర్ది, పుస్తకం చుట్టూ దారం కట్టి, నిన్న సాయంత్రం వదిలేశాను. పెన్సిల్ కూడా లోపలే పెట్టాను, 200వ పేజీ తర్వాత అచ్చుతప్పులు ఇంకా చాలా ఉన్నాయి.