క్రొకడైల్ డండీ రెండో పార్టు: అడవికి వెళ్లాక చప్పబడిందా, నాకొక్కడికేనా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
నిన్న రాత్రి 1988 నాటి ఇంగ్లీషు సినిమా క్రొకడైల్ డండీ 2 చూశాను, అదే, ఆస్ట్రేలియా అడవి మనిషి డండీ న్యూయార్క్‌లో ఉండే కథ. 1986లో వచ్చిన మొదటిది చిన్నప్పుడు క్యాసెట్ అరిగిపోయేలా చూశాం, అందుకే ఆశ ఎక్కువ పెట్టుకున్నానేమో. న్యూయార్క్ నీళ్లలో పడవేసుకుని డైనమైట్‌తో చేపలు పట్టే సీనుకి పడీపడీ నవ్వాను. తర్వాత కొలంబియా డ్రగ్స్ ముఠా, వాళ్ల గుట్టు బయటపెట్టే ఫోటోలు, డండీ ప్రియురాలు సూని ఎత్తుకుపోవడం, సరే బాగానే ఉంది. కానీ డండీ ఆమెని తీసుకుని ఆస్ట్రేలియా వెళ్లిపోయాక నాకు టెన్షనే రాలేదు. వాడి ఊరు, వాడి అడవి, వాడెరగని చెట్టు లేదు, ఇంకేటి భయం? మీకూ ఇలాగే ఉందా, నేనే నిద్రమత్తులో చూశానా?

మూడులాంతర్లు (విజయనగరం):
నిద్రమత్తే గురూ. మొదటి పార్టులో న్యూయార్క్ కొత్త డండీకి, రెండో దాంట్లో అడవి కొత్త రౌడీలకి, నవ్వు అటు మళ్లింది అంతే. డండీ స్నేహితుడు, ఆ ముసలి వాల్టర్ సీను మళ్లీ చూడు. దారి చూపించమని ముఠా ముసలాయన్ని పట్టుకుంటే, డండీ దూరం నుంచి తన స్నేహితుడి మీదకే తుపాకీ పేలుస్తాడు, కావాలనే గురి తప్పించి. వీళ్లిద్దరికీ పడదని ముఠా నాయకుడు రికో నమ్మేస్తాడు. వాల్టర్ ప్రాణమూ దక్కింది, తప్పుదారి పట్టించే పనీ దక్కింది.

జీడితోట (మందస):
మా వైపు ఎలుగుబంట్లు. తెల్లారకుండా జీడిపిక్కలు ఏరడానికి వెళ్లేటప్పుడు మా మావయ్య చేతిలో కత్తి ఉండదు, సొట్టలు పడిన పాత నూనె డబ్బా ఉంటుంది. దాన్ని కర్రతో కొట్టుకుంటూ, మధ్యమధ్యలో గట్టిగా దగ్గుతూ నడుస్తాడు, అది వినే ఎలుగు పక్కకి తప్పుకుంటుంది. అడవి తెలిసినోడు ఇలాగే ఉంటాడు. డండీ కూడా కర్రముక్కకి తాడు కట్టి గిరగిరా తిప్పి, బుయ్యిమనే ఆ మోతతో అక్కడి ఆదిమవాసుల్ని పిలుస్తాడు కదా, ఒక్కడే అందర్నీ నరికేయకుండా. అయితే వాళ్లని కాసేపు చూపించి పంపేశారు, అది నాకు నచ్చలేదు.

తెరచాప (కళింగపట్నం):
నవ్వారు సరే, ఆ డైనమైట్ వేట మన దేశంలో 1897 చేపల వేట చట్టం నాటి నుంచీ నేరం. గాలితిత్తి పగిలిన చేపలు కొన్ని తేలతాయి, చాలా మటుకు అడుగుకి పోతాయి, పిల్లచేపలతో సహా. వల వేసేవాడికి ఆ సీను చూస్తే కడుపు మండుతుంది. ఇంతా చెప్పి, నేనూ నవ్వాననుకోండి.

నాగావళి ఒడ్డు:
వాల్టర్ సీను మళ్లీ చూశాను, ఒప్పుకుంటున్నా, నిద్రమత్తే. ఈసారి అమ్మ కూడా కూర్చుని "ఆ ముసలోడే హీరో" అంది. 2001లో వచ్చిన మూడోది కూడా చూడమంటారా?

మూడులాంతర్లు:
వద్దు.