పెళ్ళి ఆల్బమ్ పనికీ, రాత్రి ఆటకీ ఒకే ల్యాప్‌టాప్: 65 వేలల్లో ఏది తీసుకోవల్ల?

అనంత_ఆల్బమ్:

అన్నలూ, అక్కలూ, రొంత సాయం చెయ్యండి.

మాది అనంతపురం. ఒక ఫోటో స్టూడియోలో ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాండా, ఆరేండ్లాయ. పగలంతా స్టూడియోలో ఓనరన్న సిస్టమ్ మీద పని. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే ఇంటికి తెచ్చుకొని రాత్రి కూడా కూర్చోవల్ల. ఇంట్లో ఉండేది 2017లో కొన్న ల్యాప్‌టాప్, ఐ5 ఏడో తరం. దానికి విండోస్ 11 ఇయ్యరంట, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం నుంచే లెక్కలోకి తీసుకుంటారంట. విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేసిరి. అది పోనీలే అనుకున్నా, పెద్ద పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) తెరిచి నేను పోయి టీ తాగొచ్చినా చక్రం ఇంగా తిరుగుతానే ఉంటాది.

పని అంటే ఫోటోషాప్, లైట్‌రూమ్. ఈ మధ్య హైలైట్ వీడియోలు కూడా నా నెత్తినే పెట్టినాడు ఓనరన్న, కాబట్టి ప్రీమియర్ కూడా. ఆట అంటే వాలరెంట్, జీటీఏ 5. మా చిన్నాయన కొడుకు బెంగళూరులో ఉండాడు, వాడూ నేనూ రాత్రి పదకొండుకు మొదలుపెడతాం. మా అమ్మకు మాత్రం "ఆల్బమ్ అర్జెంటు" అని చెప్పింటా.

డబ్బు 65 వేలు. దాంట్లో 20 వేలు అమ్మ చీటీ ఎత్తి ఇచ్చినవి. తప్పుది కొంటే సచ్చేదాకా అంటానే ఉంటాది.

సుభాష్ రోడ్డు, టవర్ క్లాక్ దగ్గర నాలుగు షాపులు తిరిగితి. ఒకాయన హెచ్‌పీ విక్టస్ అంటాడు. ఒకాయన ఆసుస్ టఫ్ అంటాడు. ఇంగొకాయన ఏసర్ నైట్రో వి చేతిలో పెట్టి వదల్లే. లెనోవో ఎల్‌ఓక్యూ అడిగితే "అదెందుకప్పా" అనె. ఎవరి దగ్గర ఏది స్టాకుంటే అదే లోకంలో మంచి బ్రాండు. నాకేమో నాలుగూ ఒకే మాదిరి కనపడతాండాయి: నల్ల డబ్బా, 144 హెర్ట్జ్ (బొమ్మ సెకనుకు అన్నిసార్లు మారే) స్క్రీను, ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు స్టిక్కరు. ఏ బ్రాండుకు పోవల్ల?

సీమ_స్నైపర్:

టఫ్ తీసుకో బ్రో, కండ్లు మూసుకొని. నాది మూడేండ్లాయ, రెండుసార్లు మంచం మీద నుంచి పడె, ఏం కాలే.

అనంత_ఆల్బమ్:

పడెయ్యడానికి కాదు బ్రో కొనేది.

కర్నూలు_కలర్:

తమ్ముడూ, బ్రాండు సంగతి రొంతసేపు పక్కన పెట్టు. కర్నూల్లో పదకొండేండ్లుగా నాదీ ఇదే పని. నీకు అన్నం పెట్టేది రంగు. నువ్వేమో ఇంత పెద్ద పోస్టులో స్క్రీను గురించి ఒక్క మాట రాయలేదు, 144 హెర్ట్జ్ తప్ప.

నా కథ చెప్తా. కొన్నేండ్ల కిందట నేనూ నీ మాదిరే గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నా. కంపెనీ పేరెందుకులే, చూడకుండా కొన్నది నేను. ఒక పెళ్ళి ఆల్బమ్, మెరూన్ రంగు ధర్మవరం పట్టుచీర. నా స్క్రీను మీద ఆ చీర వెలిసిపోయినట్టు కనపడింది. సరే అని రంగు పెంచినా, ఇంగా రొంత పెంచినా. ల్యాబ్ నుంచి ప్రింటు వచ్చింది చూడూ, చీర నిప్పు, పెళ్ళికూతురి మొహం జ్వరమొచ్చిన మాదిరి ఎర్రగా. మళ్ళీ ప్రింటు వేయించింది నా జేబులో నుంచి. ఆ స్క్రీనుకు ఆ ఎరుపు చూపించే శక్తే లేదు, నేనేమో ఫోటోలో తప్పుందని దిద్దుకుంటా పోయినా.

ఈ ధరలో కంపెనీలు 144 హెర్ట్జ్ అని డబ్బా మీద పెద్దగా వేస్తాయి. స్క్రీను ఎంత మేర రంగులు చూపిస్తుందో చెప్పే 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అనేది స్పెసిఫికేషన్ కాగితంలో అడుగున ఉంటుంది. ఫోటోలకు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల లెక్కలో అది అరవై చిల్లర శాతమే. విక్టస్ 15లో, టఫ్‌లో తక్కువ ధర మోడళ్ళు చాలా వాటికి ఈ స్క్రీను ప్యానెలే. ఎల్‌ఓక్యూలో 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నవి దొరుకుతాయి. అయితే ఎల్‌ఓక్యూ అని రాసినవన్నీ అట్లే ఉంటాయనుకోవద్దు, ఒకే పేరు మీద రెండు మూడు రకాల ప్యానెళ్ళు వస్తాయి. ల్యాప్‌టాప్ అడుగున ఉండే పూర్తి మోడల్ నంబరు పట్టుకొని లెనోవో వాళ్ళ పీఎస్‌రెఫ్ సైటులో వెతుకు, ప్యానెల్ సంగతి అక్కడ రాసింటారు. మిగతా బ్రాండ్లకూ అంతే, సొంత సైటులో పూర్తి నంబరుతో చూడాల. షాపాయన నోటి మాట నమ్మొద్దు, పాపం ఆయనకూ తెలీదు.

గ్రాఫిక్స్ కార్డు కథా ఇట్లాంటిదే. ఆర్‌టీఎక్స్ 3050లో 4 జీబీది ఉంది, 6 జీబీది ఉంది. కార్డుకు బలమిచ్చే వాట్లు 35 నుంచి 80 దాకా కంపెనీ ఎంత పెడితే అంత. 4050 అయితే 35 నుంచి 115 దాకా. స్టిక్కరు మాత్రం ఒకటే. షాపులో ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే మ్యాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని చూపిస్తుంది, అది చూసుకో. నీ ఆటలకైతే పెద్ద గుర్రం అక్కర్లేదు. వాలరెంట్ తేలిక, జీటీఏ 5 కంప్యూటర్‌కు వచ్చిందే 2015లో. కానీ లైట్‌రూమ్‌లో ఫోటోలో చుక్కల్ని తీసే డీనాయిజ్ నొక్కినప్పుడు చెమటోడ్చేది ఈ కార్డే. అందుకని 4 జీబీ జోలికి పోకు, 6 తీసుకో.

ర్యామ్ 16 జీబీ ఉండాల, ఇంకో స్లాటు ఖాళీగా ఉంటే ఇంకా మంచిది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ నొక్కితే రెండు స్లాట్లలో ఎన్ని వాడినారో కనపడుతుంది. బోర్డుకే అతికించిన ర్యామ్ అయితే వదిలెయ్.

ఒకటి అడుగుతా. మీ ఓనర్ కెమెరా ఏది? వీడియో 8 బిట్టా, రంగు వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2నా? దాన్ని బట్టి ప్రాసెసర్ ఇంటెలా, ఏఎండీ రైజెనా అనేది తేలుతుంది.

అనంత_ఆల్బమ్:

అన్నా, దండం పెడతా నీకు. ఆ వెలిసిపోయిన చీర నాకూ తెలుసు, మా ల్యాబ్‌వాళ్ళను తిడతా ఉంటి ఇన్ని దినాలు.

ఓనరన్నను అడిగితి. కెమెరా సోనీ, 10 బిట్ 4:2:2, ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అంట. "నీకెందుకురా అవన్నీ, నాకోసం ఏమన్నా కొంటాండావా" అని నవ్వె. నాలుగో షాపాయన రైజెన్ 7000 సిరీస్ అని ఒకటి తక్కువకే ఇస్తానంటాండాడు, 7520 ఏదో. కొత్తదే కదా?

కర్నూలు_కలర్:

పేరు కొత్తది, సరుకు పాతది. రైజెన్ 7000 ల్యాప్‌టాప్ వరుసలో మూడో అంకె చూడాల. 7520యులో అది 2, అంటే జెన్ 2 అనే పాత డిజైను, నాలుగే కోర్లు. 7640లో 4 కాబట్టి జెన్ 4. మొదటి అంకె చూసి మోసపోయేవాళ్ళే ఎక్కువ.

మీ కెమెరాకైతే నేను ఇంటెల్ హెచ్ రకమే (పేరు చివర హెచ్ ఉండే ప్రాసెసర్) తీసుకోమంటా. ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అంటే హెచ్‌ఈవీసీ, వీడియోను బాగా కుదించే పద్ధతి. దాంట్లో 4:2:2 క్లిప్పుల్ని ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్ కార్డులు తమంతట తాము విప్పలేవు. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లో ఉండే క్విక్ సింక్ విప్పుతుంది. ఎన్‌విడియా 50 సిరీస్ కూడా విప్పుతుంది గానీ నీ 65 వేలకు అది అందదు. ఐ5-12450హెచ్ లాంటిది ఉంటే టైమ్‌లైన్ మీద క్లిప్పు ఆగకుండా జరుగుతుంది. రైజెనే కొంటానంటే ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు వాడే తేలిక కాపీలు) చేసుకుంటా కూర్చోవాల, సీజన్‌లో అంత టైమ్ ఎక్కడిది?

తాడిపత్రి_బండ:

పైన అన్న చెప్పినవన్నీ కరెక్టే. ఎండ సంగతి, దుమ్ము సంగతి ఎవరూ ఎత్తకపోతిరి.

మాది తాడిపత్రి, చుట్టూ బండల పాలిష్ ఫ్యాక్టరీలు. ఏడాదికి నా ల్యాప్‌టాప్ విప్పితే ఫ్యాన్ల మీద గోధుమ పిండి రాసినట్టుండె. మే నెలలో మన రూములో ఎంత ఎండో తెలుసు కదా, ఆ గాలినే లోపలికి పీల్చి చల్లబడాల అది. ఆర్నెల్లకొకసారి శుభ్రం చేయించు. ఇంట్లో చల్లగుండే కడప బండ అరుగుంది కదా అని దానిమీద పెట్టేవు, నేనూ పెట్టినా. అడుగున గాలి పోయే సందు లేక ఇంకా వేడెక్కింది. వెనకవైపు రెండు చెక్క ముక్కలు పెట్టి ఎత్తు, అంతే చాలు. కరెంటు పోయినప్పుడు ఆట ఆపెయ్, బ్యాటరీ మీద ఆ కార్డు సగం ప్రాణంతోనే నడుస్తాది.

సర్వీస్ సంగతి. ఒక కంపెనీది, పేరొద్దు, ఇంటికే వచ్చి బాగుచేస్తామన్నారు. బోర్డు పోయె. పార్టు బెంగళూరు నుంచి రావాలంట. వచ్చె, చూస్తే వేరే మోడల్‌ది. మళ్ళ పంపిరి. మొత్తం మూడు వారాలు, నా పనంతా చెల్లెలి ఫోన్‌లో. డబ్బు కట్టకముందే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి 515001 అని నీ పిన్‌కోడ్ చెప్పు. ఇంటికొస్తారా, మనమే మోసుకొని పోవల్లనా, పోతే ఏ ఊరికి, అడుగు. నాలుగు బ్రాండ్లకూ చెయ్. నాకు తెలిసి నీ ప్రశ్నకు బ్రాండు పేరుతో జవాబొచ్చేది ఇక్కడొక్కచోటే.

కడప_ఖాతా:

తమ్ముడూ, మీ ఓనర్‌కు జీఎస్‌టీ నంబరుందా? ల్యాప్‌టాప్‌కు 18 శాతం పన్ను. 66,000 బిల్లులో పది వేల చిల్లర పన్నే ఉంటుంది. స్టూడియో పేరుతో, స్టూడియో పనికి కొంటే ఆయన దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్ కింద తీసుకోవచ్చు, అంటే తాను కట్టే జీఎస్‌టీలో తగ్గించుకోవచ్చు, కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారాలకుండే సులువు పన్ను పద్ధతి) లేకుంటే. కానీ అప్పుడు ల్యాప్‌టాప్ స్టూడియోది, నీది కాదు. రాత్రి పదకొండు ఆటల సంగతి మీరిద్దరూ మాట్లాడుకోండి.

అనంత_ఆల్బమ్:

అక్కా, ఓనరన్నతో ఆ మాట ఎత్తితే మానిటర్ మీద స్టూడియో స్టిక్కరు కూడా వేస్తాడు. వద్దులే, నా పేరుతోనే తీసుకుంటా.

నాలుగు ఫోన్లూ చేస్తి. ఇద్దరు ఇంటికే వస్తామనిరి, ఒకరు మనమే తీసుకొని పోవల్లనిరి, ఒకరు నలభై నిమిషాలు పాట వినిపించి కట్ చేసిరి. దాంతో రెండు మిగిలె, ఎల్‌ఓక్యూ, విక్టస్. రెండూ ఇంటెల్ హెచ్, 3050 6 జీబీ, 16 జీబీ ర్యామ్‌తో దొరకతాండాయి. విక్టస్ స్క్రీను 45 శాతమే అని వాళ్ళ కాగితంలోనే ఉంది. ఎల్‌ఓక్యూ ఇక్కడ స్టాకు లేదు. మా చిన్నాయన కొడుకు బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు (అక్కడి కంప్యూటర్ల బజారు) రమ్మంటాండాడు, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటా. అక్కడ కొంటే వారంటీకి ఏమన్నా ఇబ్బందా?

తాడిపత్రి_బండ:

ఇండియా వారంటీ అయితే ఏం కాదు. జీఎస్‌టీ బిల్లు నీ పేరుతో, దాంట్లో సీరియల్ నంబరు రాయించు. షాపులో ఉండంగానే ఆ నంబరు కంపెనీ సైటులో కొట్టి వారంటీ తేదీ చూడు. సీలు నీ ముందరే తీయమను.

అనంత_ఆల్బమ్:

సరే, ఆదివారం ఎస్‌పీ రోడ్డులో షాపులు మూస్తారంట, సోమవారం లీవు పెట్టి పోతాండా. పెన్‌డ్రైవ్‌లో ఒక మెరూన్ చీర ఫోటో, చేతిలో దాని ప్రింటు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తా.

కర్నూలు_కలర్:

ప్రింటును షాపు లైట్ల కింద చూడొద్దు, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూడు. నైట్ లైట్ ఆన్‌లో ఉందేమో ముందు ఆపు, లేకుంటే ఏ స్క్రీనైనా పసుపు పూసిన పెళ్ళికూతురే.