ఐదు మాత్రల పల్లవికి యుకులేలే మీద స్ట్రమ్మింగ్ ఎలా?

నాలుగు నెలలుగా సొప్రానో యుకులేలే (గిటార్ లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం) నేర్చుకుంటున్నాను, ట్యూనింగ్ జి-సి-ఇ-ఎ. మొదటిసారి సొంతంగా ఒక పల్లవి రాసుకున్నాను: "వాన వెలిసిన వేళ, దారంత నీ పాట". కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) సి, ఎ మైనర్, ఎఫ్, జి7. వాటి మార్పుల్లో తడబాటు లేదు.

చిక్కంతా నడకతోనే. మాటలు ఐదేసి మాత్రలుగా (హ్రస్వాక్షరం పలికేంత కాలం ఒక మాత్ర) విరుగుతున్నాయి: వాన వెలి - సిన వేళ. నాకు వచ్చిన స్ట్రమ్మింగ్ (తీగలన్నీ ఒకేసారి మీటడం) కింద-కింద-పైన-పైన-కింద-పైన వరుస, మధ్యలో రెండు ఖాళీలతో కలిపి, ఎనిమిది మాత్రలది, అందుకని పది మాత్రల పాదానికి రెండు మాత్రలు మిగిలిపోతున్నాయి. 'వేళ'ను సాగదీసి రెండు వరుసలకు సరిపడా పదహారుకు నింపితే పాట ఈసురోమంటోంది. మాటలు కుదించాను, అందం పోయింది. మాత్రకో టిక్కు చొప్పున మెట్రోనోమ్ (లయకు టిక్కులు కొట్టే పరికరం) నిమిషానికి 140లో పెట్టి కింద-పైన-కింద-పైన-కింద అని కొడితే ఐదోదీ కిందికే, మళ్ళీ మొదటిదీ కిందికే. చెయ్యి పైకి లేచేలోపు తాళం జారుతోంది.

మాటలు మార్చకుండా ఈ ఖండగతికి (ఐదేసి మాత్రల నడకకు) మీరైతే ఏ వరుసలో కొడతారు?