సాకురా మంత్రాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా పాప కోసం ‘కార్డ్‌క్యాప్టర్ సాకురా’ అనే జపనీసు మాంగాను (బొమ్మల కథను) తెలుగులో చెబుతున్నాను. నాలుగో తరగతి చదివే సాకురా, తండ్రి గ్రంథాలయంలో ఒక పుస్తకం తెరుస్తుంది; అందులోని మంత్రపు కార్డులు చెల్లాచెదురై ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి ఆమె తన మెడలోని తాళపుచెవిని ఉద్దేశించి చదివే మంత్రం భావం ఇది: చీకటి శక్తిని దాచుకున్న తాళపుచెవీ, నీ నిజరూపాన్ని నా ఎదుట చూపు, ఒప్పందం ప్రకారం సాకురా ఆజ్ఞాపిస్తోంది. వాడుక భాషలో చెబితే మంత్రంలా లేదు. సంస్కృత సమాసాలలో చెబితే పాపకు నోరు తిరగడం లేదు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

స్పందన: ముందుగా మూలంలోని భాష ఏ మెట్టు మీద ఉందో చూడాలండి. క్లాంప్ అనే రచయిత్రుల బృందం 1996 నుంచి 2000 వరకు ‘నకయోషి’ పత్రికలో ధారావాహికగా ప్రచురించిన ఈ కథలో సాకురా మామూలుగా మాట్లాడేది నేటి పిల్లల జపనీసే. మంత్రం అందుకోగానే ఆమె భాష మారిపోతుంది. ‘దాచుకున్న’ అనడానికి నేటి ‘హిమెతా’కు బదులు పాత వ్యాకరణపు ‘హిమెషి’ వస్తుంది. తనను తాను రోజూ ‘వతాషి’ అనుకునే పిల్ల ఇక్కడ ‘వరే’ అంటుంది. కార్డును లొంగదీసే మాటల్లో దానిని ‘నంజి’ అని సంబోధిస్తుంది, ఇదీ పాత మాటే. అంటే అది అర్థం కాని బీజాక్షరాల మంత్రం కాదు, ఆ పిల్లకు అర్థమయ్యే సొంత భాషలోని గ్రాంథికం. మనకూ ‘చూపుము’, ‘మరలుము’ వంటి క్రియలు చాలు. ‘హ్రీం’, ‘క్రీం’ చేర్చితే కథ జానపద సినిమాలోని మాంత్రికుడి గుహకు చేరుతుంది.

అసలు చిక్కు ‘సాకురా గా మెయ్‌జిరు’ (సాకురా ఆజ్ఞాపిస్తోంది) అన్న చోట ఉంది. జపనీసు క్రియకు పురుష భేదం లేదు కాబట్టి, అక్కడ సాకురా తన పేరు తానే చెప్పుకొని ఆజ్ఞాపించినా వాక్యం చెడదు. తెలుగులో ‘సాకురా ఆజ్ఞాపించుచున్నది’ అంటే ఆమె తరఫున ఇంకెవరో దండోరా వేసినట్లుంటుంది. ‘సాకురా ఆజ్ఞాపించుచున్నాను’ అంటే కర్తకూ క్రియకూ పొత్తు కుదరదు. ‘దాసుడను’ అన్నట్లుగా ‘సాకురాను’ అందామా అంటే, ‘సాకురాను ఆజ్ఞాపించుచున్నాను’ అన్నప్పుడు ఆ ‘ను’ ద్వితీయా విభక్తిలా వినిపించి, ఆజ్ఞ కాస్తా సాకురా మీదికే తిరుగుతుంది. అందుచేత ‘సాకురా అను నేను’ అనడమే మేలని నా అభిప్రాయం. మంత్రుల ప్రమాణ స్వీకారంలో మనందరం విన్న పలుకుబడి అది. ఇక్కడ ఆజ్ఞకు ఆధారం ఒక ఒడంబడికే కాబట్టి, ఆ ప్రమాణపు ఛాయ సందర్భానికి చక్కగా అతుకుతుంది.

ప్రశ్న అడిగినవారు: చాలా బాగుందండి. మరి చివర ఆమె ‘రెరీజు’ అని అరుస్తుంది కదా, దానిని ‘రిలీజ్’ అని ఉంచేయవచ్చా?

స్పందన: ఉంచితే పాపకు శుక్రవారం సినిమా గుర్తుకు వస్తుంది. మూలంలో ఆ చోట ‘ముద్ర తొలగింపు’ అనే అర్థమిచ్చే నాలుగు చిత్రాక్షరాలు ఉంటాయి. వాటి పక్కన, సాధారణంగా ఉచ్చారణను సూచించే చిన్న అక్షరాలలో, ఆ ఇంగ్లీషు మాటను వేశారు. కంటికి ఒక మాట, నోటికి మరొక మాట. తెలుగు అచ్చులో అలాంటి ఏర్పాటు లేదు, కాబట్టి రెండింటిలో ఒకటి వదులుకోవలసిందే. నేనైతే అర్థాన్ని ఉంచి ఇంగ్లీషు ధ్వనిని వదులుతాను. శాపవిమోచనం కథలు విన్న పిల్లలకు ‘విమోచనము’ కొత్త మాట కాదు గానీ, అది జరిగిన పనిని చెప్పినట్లుంటుంది, ఆజ్ఞలా ఉండదు. ‘ముద్ర వీడుగాక’ అంటే ఆశీరర్థకం. ‘రాయివి అగుదువు గాక’ అని శపించే మునుల నోట నిలిచిన ప్రయోగమే అయినా, తాళపుచెవి మారి అయ్యే మంత్రదండాన్ని గిర్రున తిప్పుతూ అరవడానికి కొంచెం పొడవు. ‘వీడుము!’ అన్న మూడక్షరాలు చాలు.

ప్రశ్న అడిగినవారు: అయితే ఇలా కూర్చాను, చూడండి. ‘చీకటి బలిమి దాచిన తాళపుచెవీ, నీ నిజరూపము నా యెదుట చూపుము. ఒడంబడిక మేరకు సాకురా అను నేను ఆజ్ఞాపించుచున్నాను. వీడుము!’

స్పందన: బాగా కుదిరిందండి. ‘దాచిన’ను మాత్రం ‘దాచుకొన్న’ చేయండి. ‘దాచిన’ అంటే బలిమే తాళపుచెవిని ఎక్కడో దాచిందని కూడా అర్థం చెప్పుకోవచ్చు.